కాలేజ్ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి ప్యాకేజీలో వెళ్ళాలా, సొంతంగా వెళ్ళాలా?

అమెరికాలో కాలేజ్ ఫుట్‌బాల్ (అమెరికన్ ఫుట్‌బాల్, సాకర్ కాదు) మ్యాచ్ కోసం వేరే ఊరు వెళ్దాం అనుకోగానే మనవాళ్ళు ముందు అడిగేది "టికెట్టు, హోటల్, బస్సు కలిపిన ప్యాకేజీ ఎంత, మనమే బుక్ చేసుకుంటే ఎంత?" అని. నన్నడిగితే ధర సంగతి తర్వాత చూడాలి. ముందు చూడాల్సింది ఆట ఏ ఊళ్ళో జరుగుతోందన్నది. మీరు అభిమానించే జట్టు ఒకటే అయినా, ఒక ఊరికి ప్యాకేజీ తీసుకోవడం తెలివైన పని అవుతుంది, మరో ఊరికి అదే ప్యాకేజీ డబ్బు దండగ అవుతుంది.

ఈ ఆట ఎక్కువగా యూనివర్సిటీ ఊళ్ళలో పెరిగింది. పెన్ స్టేట్ ఆడే స్టేట్ కాలేజ్ ఊరి జనాభా 40 వేల పైచిలుకు. అక్కడి బీవర్ స్టేడియంలో లక్ష మందికి పైగా పడతారు. అలబామా యూనివర్సిటీ ఉన్న టస్కలూసాలో ఊరి జనాభా సుమారు లక్ష, బ్రయంట్-డెన్నీ స్టేడియంలో సీట్లు 100,077. అంటే ఆట ఉన్న శనివారం ఆ ఊరికి ఇంకో ఊరంత జనం వచ్చి పడతారు. జాతరకి వచ్చే జనాన్ని చూసి ఊళ్ళో కొత్త ఇళ్ళు కట్టరు కదా, ఇక్కడా అంతే, హోటల్ గదులు పెరగవు. అందుకే ఆ వారాంతాల్లో చాలా హోటళ్ళు కనీసం రెండు రాత్రులు తీసుకోవాలంటాయి, మామూలు రోజుల ధరకి ఎన్నో రెట్లు అడుగుతాయి, పెద్ద ఆటలకైతే నెలల ముందే నిండిపోతాయి.

ఇలాంటి ఊరికి ప్యాకేజీ కంపెనీ మీకు అమ్ముతున్నది అసలు గదే. ఆ గదుల్ని ముందే మొత్తంగా పట్టి ఉంచుకుంటారు. మీరు ఆగస్టులో మేలుకుని అక్టోబర్ ఆటకి గది వెతికితే దొరకనిది వాళ్ళ దగ్గర దొరుకుతుంది. అందుకని డబ్బు కట్టేముందు హోటల్ పేరు, స్టేడియం నుంచి ఎన్ని మైళ్ళో అడగండి. స్టేట్ కాలేజ్ ప్యాకేజీ అని చెప్పి 40 మైళ్ళకు పైగా దూరంలో ఉన్న ఆల్టూనాలో గది ఇస్తే, ఆ గది మీరే తీసుకోగలరు. హోటల్ పేరు చెప్పకుండా "స్టేడియం పరిసరాల్లో" అని రాసిన ప్యాకేజీకి నేనైతే డబ్బు కట్టను.

ఇప్పుడు దీనికి పూర్తిగా వేరే రకం ఆటను చూడండి. టెక్సస్, ఓక్లహోమా జట్లు ఏటా అక్టోబర్‌లో డల్లాస్ ఫెయిర్ పార్క్‌లోని కాటన్ బౌల్ స్టేడియంలో తలపడతాయి. స్టేట్ ఫెయిర్ జరుగుతున్న రోజుల్లోనే, ఆ మైదానం మధ్యలోనే ఆట. సగం స్టేడియం కాషాయపు నారింజ రంగు, సగం ముదురు ఎరుపు. ఆట టికెట్టుతోనే ఫెయిర్ లోపలికి ప్రవేశం కూడా ఉంటుంది. డల్లాస్ సిటీ రైలు డార్ట్ గ్రీన్ లైన్ ఫెయిర్ పార్క్ స్టేషన్ దగ్గరే దింపుతుంది. ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్ వైపు మనవాళ్ళు ఎంతమంది ఉన్నారో చెప్పక్కర్లేదు. వాళ్ళింట్లో పడుకుని, ప్లేనోలోని పార్కర్ రోడ్ స్టేషన్లో కారు పెట్టి, డౌన్‌టౌన్లో రైలు మారితే సరిపోయే ఆటకి బస్సు, హోటల్ కలిపిన ప్యాకేజీ ఎందుకు? ఇక్కడ కష్టమంతా టికెట్టు దగ్గరే, దాని మీదే డబ్బు పెట్టండి. ఇంకో జాగ్రత్త: సీజన్ అయ్యాక ఆడే, కాటన్ బౌల్ అనే పేరున్న బౌల్ మ్యాచ్ వేరు. అది 2010 నుంచి ఆర్లింగ్టన్‌లోని పెద్ద స్టేడియంలో జరుగుతోంది. పేరు చూసి హోటల్ బుక్ చేస్తే తప్పు ఊళ్ళో దిగుతారు.

ఈ రెండు కొసల మధ్య మిగతా ఊళ్ళు వస్తాయి. మిషిగన్ జట్టు ఆడే యాన్ ఆర్బర్ డెట్రాయిట్ విమానాశ్రయానికి 25 మైళ్ళు. 107,601 మంది పట్టే మిషిగన్ స్టేడియం చూడాలంటే నోవైలోనో క్యాంటన్‌లోనో ఉన్న చుట్టాలింట్లో దిగి వెళ్ళిరావచ్చు. షికాగో నుంచి ఆమ్‌ట్రాక్ వుల్వరిన్ రైలు కూడా యాన్ ఆర్బర్‌లో ఆగుతుంది. ఒహాయో స్టేట్ ఆడే కొలంబస్ పెద్ద నగరం, విమానాశ్రయం క్యాంపస్‌కి దగ్గర. ఈ రెండింటికీ సొంత ప్రయాణమే నా సలహా. టెక్సస్ ఏ అండ్ ఎం ఆడే కాలేజ్ స్టేషన్ ఊరు చిన్నదే, కానీ హ్యూస్టన్ నుంచీ ఆస్టిన్ నుంచీ సుమారు 100 మైళ్ళే కాబట్టి కారున్నవాళ్ళకి ఇబ్బంది లేదు. నోటర్ డామ్ ఆడే సౌత్ బెండ్‌కి షికాగో నుంచి సౌత్ షోర్ లైన్ రైలుంది, కాకపోతే సౌత్ బెండ్ గడియారం షికాగో కంటే గంట ముందుంటుంది. నోటర్ డామ్ ఆట రాత్రిపూటైతే తిరుగు రైలు ఉంటుందో లేదో ముందే చూసుకోవాలి. మిస్సిసిపీలోని ఆక్స్‌ఫర్డ్ మాత్రం కష్టం. మెంఫిస్ నుంచి గంటన్నర దారి, ఊళ్ళో గదులు తక్కువ. అక్కడి గ్రోవ్ అనే 10 ఎకరాల చెట్ల తోపులో గుడారాలు వేసుకుని చేసే సందడి చూడటానికే చాలామంది వెళ్తారు. అక్కడికి మొదటిసారి వెళ్తూ, తెలిసినవాళ్ళు ఎవరూ లేకపోతే గుడారంలో చోటు కలిసొచ్చే ప్యాకేజీకి విలువ ఉంది.

కికాఫ్ టైమ్ తెలియకుండా చేసే ప్లాను

కొత్తగా వెళ్ళేవాళ్ళు ఊహించని సంగతి ఇది. ఆట తేదీ నెలల ముందే తెలుస్తుంది, మొదలయ్యే టైమ్ మాత్రం తెలియదు. టైమ్ ఖరారు చేసేది టీవీ ఛానళ్ళు. చాలా ఆటలకు 12 రోజుల ముందు చెబుతారు, కొన్నిటికి 6 రోజుల ముందు వరకూ ఆపుతారు. ఈస్టర్న్ టైమ్ ప్రకారం ఇంచుమించు మధ్యాహ్నం 12, మూడున్నర, రాత్రి ఏడున్నర, ఈ మూడింట్లో ఏదైనా కావచ్చు. ఆట మూడున్నర గంటలు పడుతుంది, ఓవర్‌టైమ్ అయితే ఇంకా ఎక్కువ. పార్కింగ్ నుంచి బయటపడేసరికి మరో గంట గంటన్నర.

దీని ప్రభావం విమానం మీద పడుతుంది. శనివారం రాత్రి తిరుగు విమానం బుక్ చేసి ఉంచితే, ఆట రాత్రికి వెళ్ళిన రోజున అది పోయినట్టే. శుక్రవారం సాయంత్రం ఆఫీసు అయ్యాక బయల్దేరి అర్ధరాత్రి దిగుదామనుకుంటే, మధ్యాహ్నం 12 ఆటకి పొద్దున్నే ఎనిమిదికి పార్కింగ్ లాటులో ఉండాల్సి వస్తుంది. కాబట్టి సొంతంగా వెళ్ళేవాళ్ళు శుక్రవారం, శనివారం రెండు రాత్రులూ ఉండి ఆదివారం మధ్యాహ్నం విమానం పెట్టుకోవడం మంచిది. ఒక రాత్రి మిగిల్చుకుందామని చూస్తే శనివారమంతా టెన్షనే.

ప్యాకేజీకి ఉన్న నిజమైన సుఖం ఇక్కడ కనిపిస్తుంది. టైమ్ ఎటు మారినా బస్సు టైమ్ వాళ్ళే మార్చుకుంటారు. రాత్రి ఆట ముగిసి పదకొండున్నరకి బయటికి వచ్చాక, లక్ష మంది ఒక్కసారే రోడ్డెక్కినప్పుడు, చలిలో కొండ రోడ్డు మీద కారు నడిపే పని మీది కాదు. అభిమానులంతా తెల్ల బట్టల్లో వచ్చే పెన్ స్టేట్ వైట్ అవుట్ లాంటి రాత్రి ఆటకి హ్యారిస్‌బర్గ్ నుంచో పిట్స్‌బర్గ్ నుంచో కారులో వెళ్ళి అదే రాత్రి వెనక్కి వద్దామనుకునే వాళ్ళు డ్రైవింగ్ ఎవరిదో ముందే తేల్చుకోవాలి. కారులో లైసెన్సు ఉన్నది ఒక్కరికే అయితే నేను ప్యాకేజీ బస్సే ఎక్కమంటాను. ఉబర్ మీద భరోసా పెట్టుకోకండి. ఆట వదిలాక ధర కొండెక్కుతుంది, చిన్న ఊళ్ళో కార్లే ఉండవు.

దీనికి బదులుగా పోగొట్టుకునేదీ ఉంది. బస్సులో వెళ్తే రోజంతా బస్సు చెప్పినట్టే నడవాలి. క్యాంపస్ తిరగడం, బ్యాండు స్టేడియంలోకి నడిచివచ్చేటప్పుడు దారి పక్కన నిలబడటం, పాత ప్రొఫెసర్ని పలకరించడం, మాస్టర్స్ రోజుల్లో తిన్న హోటల్లో మళ్ళీ కూర్చోవడం, వీటికి టైమ్ దొరకదు. కాలేజ్ స్టేషన్‌లో ఆటకు ముందు శుక్రవారం అర్ధరాత్రి కైల్ ఫీల్డ్‌లో మిడ్‌నైట్ యెల్ జరుగుతుంది, టికెట్టు అక్కర్లేదు, ఎవరైనా వెళ్ళొచ్చు. వేల మంది అరుపులతో స్టేడియం దద్దరిల్లుతుంది. శనివారం పొద్దున బస్సు దిగే ప్యాకేజీలో అది మీకు లేనట్టే. చదివిన యూనివర్సిటీకి తిరిగి వెళ్ళే వాళ్ళెవరినీ నేను ప్యాకేజీ తీసుకోమని చెప్పను. ఆ ఊరు మీకు తెలుసు, అక్కడ ఎక్కడికెళ్ళాలో ఇంకొకరు చెప్పక్కర్లేదు.

తలల లెక్క, కారు లెక్క

ప్యాకేజీ ధర తలకి ఇంత అని ఉంటుంది, అదీ గదికి ఇద్దరు అన్న లెక్క మీద. సొంత ప్రయాణంలో గది, కారు, పెట్రోలు, పార్కింగ్ ఎంతమంది ఉన్నా దాదాపు ఒకటే. ఈ ఒక్క తేడా అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే. లెక్క తెలియడానికి కొన్ని అంకెలు అనుకుందాం. ప్యాకేజీ తలకి 900 డాలర్లు. సొంతంగా అయితే గది రాత్రికి 400, రెండు రాత్రులకి 800. టికెట్టు 200. సొంత కారులో పెట్రోలు, పార్కింగ్ కలిపి 200. నలుగురు స్నేహితులు ఒకే గదిలో సర్దుకుని వెళ్తే సొంత ఖర్చు మొత్తం 1,800, ప్యాకేజీ 3,600. సరిగ్గా రెట్టింపు. అదే ఇద్దరు విమానం దిగి, అద్దె కారుకి పెట్రోలు, పార్కింగ్‌తో కలిపి 350 పెట్టి వెళ్తే సొంత ఖర్చు 1,550, ప్యాకేజీ 1,800. ఆ 250 డాలర్ల తేడాకి టెన్షన్ లేని రోజు వస్తోందంటే చాలామంది ఒప్పుకుంటారు. విమానం టికెట్టు రెండు లెక్కల్లోనూ మీదే, ఎందుకంటే చాలా ప్యాకేజీల్లో అది కలవదు.

ఒక్కరే వెళ్తే లెక్క మళ్ళీ మారుతుంది. గది మొత్తం మీ ఒక్కరిదే కాబట్టి ప్యాకేజీ వాళ్ళు సింగిల్ సప్లిమెంట్ అని అదనం వేస్తారు. కానీ సొంతంగా వెళ్ళినా గది, కారు మొత్తం ఒక్కరి నెత్తినే పడతాయి. ఖర్చు ఇంచుమించు సమానమైతే ప్యాకేజీ వైపే మొగ్గండి. ఒంటరిగా టెయిల్‌గేట్ (ఆటకు ముందు పార్కింగ్‌లో చేసుకునే విందు) లాటులో తిరగడం కంటే నలుగురి మధ్య కూర్చోవడం నయం. విద్యార్థులకి ఈ రెండూ కాకుండా మూడో దారి ఉంది. 25 ఏళ్ళ లోపు వాళ్ళకి అద్దె కారు కంపెనీలు రోజువారీ అదనపు రుసుం వేస్తాయి కాబట్టి, విద్యార్థి సంఘాలు అవే గేమ్‌లకి నడిపే బస్సులు ఉంటే ముందు వాటిని అడగండి.

టికెట్టు విషయంలో ప్యాకేజీ వాళ్ళ మాటల్ని జాగ్రత్తగా చదవాలి. "లోయర్ లెవెల్ గ్యారంటీ" అంటే మైదానం కొసన ఉండే ఎండ్ జోన్ మూల కూడా లోయర్ లెవెలే. సెక్షన్, వరస ముందు చెప్పగలరా, మీ నలుగురికీ పక్కపక్కనే ఇస్తారా అని రాతపూర్వకంగా అడగండి. అతిథి జట్టుకి ఇచ్చే టికెట్లు కొన్నే ఉంటాయి. అవి ముందుగా ఆ యూనివర్సిటీకి విరాళాలిచ్చేవాళ్ళకీ, సీజన్ టికెట్లున్నవాళ్ళకీ వెళ్తాయి. పూర్వ విద్యార్థుల సంఘం నడిపే ప్యాకేజీల్లో మీ జట్టు రంగుల మధ్య కూర్చునే అవకాశం ఎక్కువ. సొంతంగా అయితే స్టబ్‌హబ్, సీట్‌గీక్ లాంటి టికెట్లు తిరిగి అమ్మే సైట్లలో కొనాల్సిందే. 2025 మే నుంచి అమల్లో ఉన్న ఫెడరల్ నిబంధన వల్ల ఫీజులన్నీ కలిపిన ధరే మొదట చూపించాలి, కాబట్టి పోలిక ఇప్పుడు సులువు. మామూలు ఆటలకి ఆ వారంలో ధర తగ్గుతుంటుంది. అలబామా, ఆబర్న్ ఆడే ఐరన్ బౌల్ లాంటి పంతం ఆటలకి తగ్గుతుందని కూర్చోవద్దు.

అమ్మానాన్నలతో, శాకాహారులతో

ఇండియా నుంచి వచ్చిన పెద్దవాళ్ళని ఒక్క ఆటకైనా తీసుకెళ్ళాలని చాలామందికి ఉంటుంది. తప్పకుండా తీసుకెళ్ళండి, లక్ష మంది ఒక్కసారి లేచి నిలబడే దృశ్యం వాళ్ళు మర్చిపోరు. కానీ ఎక్కువ స్టేడియాల్లో వీపు ఆనించడానికి వీల్లేని బెంచీలు, నిటారు మెట్లు, నవంబర్‌లో ఉత్తరాది రాష్ట్రాల్లో ఎముకలు కొరికే చలి. ప్యాకేజీ బస్సు స్టేడియం గుమ్మం దాకా వెళ్తుందో, మైలు దూరంలో దింపుతుందో అడగాలి. మధ్యలో నాన్నగారికి అలసటొస్తే సొంత కారైతే మూడో క్వార్టర్‌లో లేచి వచ్చేయొచ్చు. బస్సైతే చివరి మనిషి వచ్చేదాకా కదలదు. పెద్దవాళ్ళు ఉంటే సొంత కారు, సెప్టెంబర్ ఆఖర్లోనో అక్టోబర్ మొదట్లోనో ఆట, మరీ పెద్ద ప్రత్యర్థి కాని జట్టు. నేను మావాళ్ళకి చెప్పేది ఇదే. విద్యార్థుల సెక్షన్ పక్కన సీట్లు తీసుకోవద్దు, అక్కడ ఆటంతా నిలబడే చూస్తారు.

తిండి సంగతి. ప్యాకేజీ టెయిల్‌గేట్ అంటే ఎక్కువగా బర్గర్లు, హాట్ డాగ్‌లు, బార్బెక్యూ. గొడ్డు మాంసం తిననివాళ్ళూ, శాకాహారులూ ముందే అడగకపోతే చిప్స్, కోల్‌స్లాతో సరిపెట్టుకోవాలి. పైగా ఆ తిండి డబ్బు ప్యాకేజీ ధరలో కట్టేసి ఉంటారు. సొంత టెయిల్‌గేట్‌కి కూలర్‌లో పులిహోర, పెరుగన్నం పెట్టుకెళ్ళండి. పక్క గుడారం వాళ్ళు ప్లేటు పట్టుకుని వస్తారు, బదులుగా వాళ్ళ గ్రిల్ మీద మీ పనీర్ కాల్చిపెడతారు. ఈ ఆటలో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఈ పార్కింగ్ లాటు స్నేహమే, అది డబ్బిచ్చి కొన్న గుడారంలో సగమే దొరుకుతుంది. స్టేడియం లోపలికి మాత్రం బయటి తిండి చాలాచోట్ల రానివ్వరు, బ్యాగు కూడా 12 అంగుళాల పొడవు, 6 వెడల్పు, 12 ఎత్తు దాటని పారదర్శకమైనదే ఉండాలని ఎక్కువ చోట్ల నియమం.

ప్లేఆఫ్, బౌల్ ఆటలు

సీజన్ ఆటలకు చెప్పిన లెక్క ఇక్కడ పనిచేయదు. 2024 సీజన్ నుంచి ఛాంపియన్‌ని తేల్చే నాకౌట్ ఆటలు, అంటే ప్లేఆఫ్, 12 జట్లకి పెరిగింది. ఆ ఏడాది గెలిచిన ఒహాయో స్టేట్ వెంట తిరిగిన అభిమాని డిసెంబర్ 21న కొలంబస్‌లో, జనవరి 1న పాసడీనా రోజ్ బౌల్‌లో, 10న ఆర్లింగ్టన్‌లో, 20న అట్లాంటాలో ఉండాలి. ఒక ఆట గెలిస్తే గానీ తర్వాతి ఊరికి వెళ్ళేదీ లేనిదీ తెలియదు. తెలిశాక చేతిలో ఉండేది అటూ ఇటూగా పది రోజులు.

ఇలాంటప్పుడు ముందుగా డబ్బు కట్టించుకునే ప్యాకేజీలో ఒక్క వాక్యమే ముఖ్యం: మీ జట్టు ఓడితే డబ్బు వెనక్కి వస్తుందా, రాదా. రాదంటే తీసుకోవద్దు. ఆ నగరాలన్నీ పెద్దవి, గదులకి కరువు లేదు. రద్దు చేసుకోగల హోటల్ గది ముందే పట్టి ఉంచి, ఆట ఖాయమయ్యాక టికెట్టు కొనుక్కోవడం మెరుగు. 2025 జనవరి 1 తెల్లవారుజామున న్యూ ఓర్లీన్స్ బర్బన్ స్ట్రీట్‌లో దాడి జరిగాక, ఆ రాత్రి జరగాల్సిన జార్జియా, నోటర్ డామ్ షుగర్ బౌల్ ఆటను మర్నాటి మధ్యాహ్నానికి మార్చారు. రెండో తారీకు పొద్దున తిరుగు విమానం ఉన్నవాళ్ళంతా గదీ విమానమూ మళ్ళీ చూసుకోవాల్సిన పరిస్థితి. ఆట వాయిదా పడితే అదనపు రాత్రి ఖర్చు ఎవరిదో ప్యాకేజీ షరతుల్లో రాసి ఉండాలి. దక్షిణాదిలో సెప్టెంబర్, అక్టోబర్ తుపాన్లకీ ఇదే ప్రశ్న వర్తిస్తుంది. 2021లో ఐడా తుపాను వల్ల టులేన్, ఓక్లహోమా ఆట న్యూ ఓర్లీన్స్ నుంచి ఏకంగా ఓక్లహోమాలోని నార్మన్‌కి తరలిపోయింది.

డబ్లిన్ ఆటకి వెళ్ళేవాళ్ళు

ఐర్లాండ్‌లోని డబ్లిన్ అవీవా స్టేడియంలో ఆగస్టు ఆఖర్లో కాలేజ్ ఆట జరుగుతోంది. 2024లో జార్జియా టెక్, ఫ్లోరిడా స్టేట్, 2025లో అయోవా స్టేట్, కాన్సస్ స్టేట్ ఆడాయి. దీనికి ప్యాకేజీలు బాగా అమ్ముడవుతాయి, హోటల్ బేరాల వరకూ అవి మంచివే. కానీ మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి అసలు పని ప్యాకేజీ బయట ఉంది. భారతీయులకి ఐర్లాండ్ వీసా కావాలి, అమెరికా వీసా ఉన్నా మినహాయింపు లేదు. గ్రీన్ కార్డు లేనివాళ్ళు తిరిగి అమెరికాలోకి రావాలంటే పాస్‌పోర్టులో చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా స్టాంపు ఉండాలి. గడువైన స్టాంపుతో కెనడా, మెక్సికోకి కొద్ది రోజులు వెళ్ళి రానిచ్చే సదుపాయం ఐర్లాండ్‌కి లేదు. హెచ్-1బీ పొడిగింపు కాగితం చేతిలో ఉన్నా, స్టాంపు గడువు దాటి ఉంటే ఈ ప్రయాణం పెట్టుకోవద్దు. వీసా చేతికి వచ్చేదాకా రీఫండ్ లేని డబ్బేదీ కట్టొద్దు. 2021 డబ్లిన్ ఆటను కోవిడ్ వల్ల అమెరికాకే మార్చేశారు కాబట్టి ఆట రద్దయితే ఏమిస్తారో కూడా అడగండి. డబ్లిన్ విమానాశ్రయంలోనే అమెరికా ఇమిగ్రేషన్ తనిఖీ అయిపోతుంది, అందుకని తిరుగు ప్రయాణంలో హెచ్-1బీ ఆమోద కాగితం ఐ-797 గానీ, విద్యార్థులైతే సంతకమున్న ఐ-20 గానీ చెక్-ఇన్ పెట్టెలో కాకుండా చేతిసంచీలో ఉండాలి, విమానాశ్రయానికి మామూలు కంటే ముందే చేరాలి.